రాళ్లు పేర్చింది ఎవరు: లెక్కలతో నా వెతుకులాట

ఒక కొండవాలు నిండా రాళ్ల కుప్పలు. కొన్ని మోకాలి ఎత్తు, కొన్ని నడుము ఎత్తు. ఎవరు పేర్చారని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పొలం బాగు చేసుకునేటప్పుడు ఏరి పోసిన రాళ్లని కొందరంటారు. కాదు, వేల ఏళ్ల నాటి సమాధులని కొందరంటారు. ఇద్దరూ చూపించేది అవే కుప్పలను. ఈ తగవు ఒక్క చోటిది కాదు. అమెరికా ఈశాన్యంలో న్యూ ఇంగ్లండ్ అడవుల్లో కనిపించే రాళ్ల కుప్పలు వలస వచ్చిన రైతులు చేలలోంచి ఏరినవా, అంతకు ముందు నుంచీ అక్కడ ఉన్న ఆదివాసులు పవిత్రంగా నిలిపినవా అన్న వాదన ఇంకా తెగలేదు. బ్రిటన్ కొండల మీద సమాధి కుప్పకూ చేను కుప్పకూ తేడా పైనుంచి చూసి చెప్పలేక పురావస్తు పరిశోధకులు చాలాకాలంగా తలలు పట్టుకుంటున్నారు.

నేను గణాంకాలతో పనిచేసే మనిషిని. తవ్వకాలు చేసే స్నేహితురాలు ఈ వాలు సంగతి చెప్పి ఒక్క ప్రశ్న అడిగింది: “మాకు రెండు మూడు కుప్పలు తవ్వే వీలే ఉంది. ఏవి తవ్వాలో నీ లెక్కలు చెప్పగలవా?” ఆ ప్రశ్న వెంట పడి వెళ్లిన దారినంతా ఇక్కడ రాస్తున్నాను. స్థలం పేరు మాత్రం రాయను. పాత సమాధి అన్న మాట చెవిన పడితే చాలు, నిధి కోసం రాత్రికి రాత్రి గడ్డపారలతో దిగేవాళ్లున్నారు. అలా కెలికిన కుప్ప ఆ తర్వాత ఏ శాస్త్రానికీ పనికిరాదు.

ముందు కుప్పల్ని దగ్గరగా చూడాలి. వాలు కింది భాగంలో ఒక కుప్ప పరుపుబండ మీద ఉంది. అడుగున ప్రత్యేకంగా పేర్చినదేమీ లేదు. పిడికిలంత రాళ్ల నుంచి తలకాయంత రాళ్ల వరకూ కలగాపులగంగా పోసి ఉన్నాయి. అంటే ఒక మనిషి ఒంటిచేత్తో విసరగలిగినవీ, రెండు చేతులతో ఎత్తగలిగినవీ. మూడు నాలుగు రాళ్ల మీద సన్నని గీతలు, ఆ గీతల వెంట తుప్పురంగు. ఇనుప కర్రు తగిలి గీసుకుపోయిన గుర్తులవి. ఆ రాయి ఒకప్పుడు దున్నే నేలలో ఉండేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పైకి నడిస్తే వేరే రకం కుప్ప కనిపిస్తుంది. చుట్టూ వలయంగా పలకరాళ్లు అంచు మీద నిలబెట్టి పాతారు, ఒకదాని భుజం ఒకదానికి ఆనుకునేలా. లోపల చిన్నరాళ్లు నింపారు. పాతిన రాళ్ల మీద లైకెన్ మచ్చలు (రాతిని అంటుకుని పొరలా పెరిగే జీవం) పెద్దవి, బయటి ముఖం మీదే ఉన్నాయి. పైన పోసిన రాళ్లలో కొన్నింటికి మాత్రం మచ్చలు కింది వైపున కూడా ఉన్నాయి. లైకెన్‌కు వెలుతురు కావాలి కాబట్టి ఆ రాయి ఎప్పుడో తిరగబడింది, లేదా ఎక్కడినుంచో తెచ్చి పడేశారు.

మొదటి రకాన్ని వట్టి కుప్ప అనీ, రెండో రకాన్ని అంచురాళ్ల కుప్ప అనీ పిలుచుకున్నాను. ఇంత స్పష్టంగా రెండు రకాలుంటే ఇక లెక్కలెందుకు అని అడగవచ్చు. చాలా కుప్పలు ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. అంచు ఒకవైపే నిలిచి ఉంటుంది, మిగతాది కూలి ఉంటుంది. పైగా రైతు తన చేలో రాళ్లు ఏరి, పక్కనే ఉన్న పాత సమాధి మీద పోసి ఉండవచ్చు. రాళ్లు పోయడానికి అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? అప్పుడు కర్రు గీతలున్న రాళ్ల కిందే వేల ఏళ్ల నాటి వలయం ఉంటుంది. ఒక్కో కుప్పను విడిగా చూస్తే తేలని విషయం ఇది. అందుకే అన్ని కుప్పలూ కలిసి నేల మీద ఎలా పరుచుకున్నాయో చూడాలనుకున్నాను. ప్రాదేశిక గణాంకాల పని అదే. బిందువుల అమరికను చూసి, దాని వెనక ఏ ప్రక్రియ ఉండి ఉంటుందో తూచి చెప్పడం.

పని మొదలుపెట్టే ముందు ఇలాంటి లెక్కలు ఇదివరకు ఎక్కడ నిలిచాయో, ఎక్కడ కూలాయో చదివాను. రాళ్లను లెక్కలతో చూడటానికి పెద్ద చరిత్రే ఉంది. ఇంజినీరింగ్ ఆచార్యుడు అలెగ్జాండర్ థామ్ బ్రిటన్‌లోని రాతి వలయాలను ఏళ్ల తరబడి ఓపికగా కొలిచి, వాటిని కట్టినవాళ్లు 2.72 అడుగుల, అంటే 0.829 మీటర్ల ఉమ్మడి కొలత వాడారని ప్రకటించాడు. దాని పేరు మెగాలితిక్ యార్డు. గణాంక శాస్త్రవేత్త డేవిడ్ కెండాల్ 1974లో ఆ కొలతలను పరీక్షించాడు. స్కాట్లండ్ వలయాల్లో ఏదో ఒక ప్రమాణం ఉన్న జాడ అతనికి కనిపించింది, ఇంగ్లండ్, వేల్స్ వలయాల్లో కనిపించలేదు. మనుషులు అంగలు వేసి కొలిచినా అలాంటి జాడే మిగులుతుందని తర్వాత కొందరు ఎత్తి చూపారు. కొలతలో ఒక క్రమం ఉందనడం వేరు. ఆ క్రమం వెనక ఉన్నది ప్రామాణిక కొలబద్దా, మనిషి అంగా అన్నది వేరు. ఈ తేడా నాకు చివరిదాకా తోడొచ్చింది.

రెండో కథ ఇంకా ముఖ్యం. పాత రాళ్లన్నీ సరళరేఖల మీద ఉన్నాయన్న నమ్మకం 1920లలో ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్స్‌తో ఇంగ్లండ్‌లో పుట్టింది. మ్యాపు మీద స్కేలు పెట్టి చూస్తే మూడు నాలుగు రాళ్లు ఒకే గీత మీద పడుతున్నాయి, ఇది కాకతాళీయం కానే కాదు అని వాదన. ఇంగ్లండ్ నైరుతి కొసన ల్యాండ్స్ ఎండ్ దగ్గర ఉన్న 52 రాళ్లను తీసుకుని సైమన్ బ్రాడ్‌బెంట్ 1980లో ఆ వాదనను లెక్కకు నిలబెట్టాడు. 52 బిందువుల నుంచి మూడేసి ఎంచుకునే విధానాలు 22,100. అన్ని త్రికోణాల్లో కొన్ని దాదాపు గీతలా సన్నగా ఉండక తప్పదు. అవి ఎన్ని ఉండాలన్నదే ప్రశ్న. కెండాల్ ప్రతి త్రికోణం ఆకారాన్నీ ఒక గోళం మీద బిందువుగా గుర్తించే అందమైన పద్ధతి కనిపెట్టి, ఈ రాళ్ల త్రికోణాలను అలా పోల్చి చూశాడు. సరళరేఖలు యాదృచ్ఛికంగా రావలసిన దానికన్నా ఎక్కువేమీ లేవని తేలింది. కంటికి కనిపించిన గీతలన్నీ నిజమే, కానీ వాటిని ఎవరూ గీయలేదు. నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరింది ఆ ఫలితం చదివాకే.

ఇక కొలతలు. ఉన్న కుప్పల్ని గుర్తించుకుంటూ పోతే సరిపోదు. ఎక్కడ వెతికామో, ఎక్కడ వెతికినా కనిపించలేదో కూడా నమోదు కావాలి. కాలిబాట పక్కన ఉన్న కుప్పలు అందరికీ కనిపిస్తాయి, ముళ్లపొదల్లో ఉన్నవి ఎవరికీ కనిపించవు. అలా పోగైన జాబితాతో లెక్కవేస్తే పురాతన మానవులు కాలిబాటల పక్కనే సమాధులు కట్టారని తేలుతుంది. అందుకని వాలు మొత్తాన్నీ సమాన దూరంలో సమాంతర గీతలుగా విభజించుకుని, పొద ఉన్నా రాయి ఉన్నా ఆ గీత వెంటే నడిచాం. అసలు వెళ్లలేని చోట్లను మ్యాపు మీద కోసి తీసేశాం. ఎందుకంటే చూడని చోటు ఖాళీ చోటు కాదు.

ఏది ఒక కుప్ప, ఏది రెండు కుప్పలు అన్న సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రెండు కుప్పల మధ్య నేల కనిపిస్తే రెండు, రాళ్లు కలిసిపోయి ఉంటే ఒకటి అని నియమం పెట్టుకున్నాం. చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం సాధారణంగా 3 నుంచి 5 మీటర్ల వరకు అటూ ఇటూ చూపిస్తుంది. కాబట్టి 10 మీటర్ల లోపు దూరాల గురించి నేను ఏ మాటా అనకూడదని కాగితం మీద రాసిపెట్టుకున్నాను. అంచురాళ్లు ఉన్నాయా లేవా అన్నది ఇద్దరం విడివిడిగా, ఒకరి రాత ఒకరు చూడకుండా రాసుకున్నాం. ఇద్దరికీ కుదరని కుప్పలను ‘తేలనివి’ అని పక్కన పెట్టాం. ఇంత పట్టుదల ఎందుకంటే, ఫలితం ఏ వైపు మొగ్గుతోందో తెలిశాక మనిషి కన్ను ఆ వైపే చూస్తుంది. మ్యాపు గీయకముందే రకాలు నిర్ణయమైపోవాలి.

కొలతలు చేతికొచ్చాక అందరూ వేసే మొదటి లెక్క వేశాను. దాన్ని క్లార్క్, ఇవాన్స్ అనే జీవావరణ శాస్త్రవేత్తలు 1954లో మొక్కల కోసం తయారుచేశారు. ప్రతి బిందువుకూ అతి దగ్గరి బిందువు ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయాలి. బిందువులు గుడ్డిగా చల్లినట్టు ఉంటే ఆ సగటు ఎంత ఉండాలో సాంద్రతను బట్టి చెప్పవచ్చు: సాంద్రత వర్గమూలంతో ఒకటిని భాగించి, అందులో సగం. చదరపు కిలోమీటరుకు 100 కుప్పలుంటే 50 మీటర్లు రావాలి. అంతకన్నా బాగా తక్కువ వస్తే గుంపులు కట్టాయని, ఎక్కువ వస్తే ఎడం పాటించాయని అర్థం.

మన కన్ను ఈ విషయంలో ఎంత మోసపోతుందో చెప్పాలి. పళ్లెంలో ఆవాలు చల్లితే అవి సమంగా పరుచుకోవు. ఒకచోట ఐదారు చేరతాయి, ఒకచోట అరచేయంత ఖాళీ మిగులుతుంది. యాదృచ్ఛికత అంటే అదే. సమంగా పరుచుకుంటేనే అనుమానించాలి. మ్యాపు మీద నాలుగు కుప్పలు పక్కపక్కన కనిపించగానే ‘ఇది శ్మశానం’ అనేవాళ్లకు నేను మొదట చూపించేది కంప్యూటర్ గుడ్డిగా చల్లిన బిందువుల మ్యాపులనే.

మా వాలు మీది కుప్పలు మాత్రం ఆ గుడ్డి చల్లుడు కన్నా స్పష్టంగా గుంపులు కట్టాయి. బ్రయన్ రిప్లీ 1970లలో ప్రతిపాదించిన కొలత వేసినా అదే వచ్చింది. అందులో ఒక్క దగ్గరి పొరుగునే చూడరు. ప్రతి కుప్ప చుట్టూ 20, 50, 100, 200 మీటర్లు ఇలా వలయాలు గీస్తూ, లోపల ఎన్ని పడుతున్నాయో లెక్కపెడతారు. ఏ దూరంలో గుంపు కడుతున్నాయో, ఏ దూరంలో విడిపోతున్నాయో దాంతో తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోయి విజయం ప్రకటిస్తారు. కుప్పలు యాదృచ్ఛికంగా లేవు, కనుక ఎవరో ఒక ఉద్దేశంతో పెట్టారు, కనుక అవి పురాతన పవిత్ర కట్టడాలు అని. ఈ వాదన వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎందుకంటే రాళ్లను గుడ్డిగా చల్లారని ఈ లోకంలో ఎవరూ అనలేదు. రైతు కూడా గుడ్డిగా పోయడు. ఎవరూ అనని మాటను ఓడించి గెలిచామనుకోవడం గణాంకం కాదు. పోటీలో ఉన్న అసలు కథ రైతు కథ. ఓడించాల్సింది, ఓడకపోతే ఒప్పుకోవాల్సింది దాన్నే. ఈ మొత్తం పనిలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే: శూన్య పరికల్పనగా, అంటే ముందు నిజమనుకుని ఆధారాలతో ఓడించడానికి చూసే ఊహగా, పెట్టుకోవలసింది యాదృచ్ఛికతను కాదు, ఎదుటివాడి వివరణను.

మరి రైతు రాళ్లను ఎక్కడ పోస్తాడు? ఇది తెలుసుకోవడానికి పుస్తకాల కన్నా ఆ వాలు మీద బతుకంతా గడిపిన ఒక పెద్దాయన ఎక్కువ ఉపయోగపడ్డాడు. అంచురాళ్ల కుప్ప దగ్గర నిలబడి, “పెద్దయ్యా, ఇది కూడా చేను బాగుచేసినప్పుడు పోసిందే కదా?” అని అడిగాను. ఆయన ఒకసారి కింది చేనువైపు, ఒకసారి ఆ కుప్పవైపు చూసి, “రాయిని ఎవరూ ఎగువకు మోయరమ్మా” అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను కట్టబోయే గణిత నమూనాలోకి కొత్త కొలత వచ్చింది. కుప్పకూ అతి దగ్గరి సాగునేలకూ మధ్య దూరం మాత్రమే కాదు, ఆ కుప్ప సాగునేలకన్నా ఎంత ఎగువన ఉందో కూడా. ఆయనే ఇంకోటి చెప్పాడు, మంచి మట్టి మీద రాళ్లు పోసి ఎవరూ నేల పాడుచేసుకోరని. పరుపుబండ బయటపడిన చోటో, గట్టు మూలో చూసి పోస్తారట.

ఈ మాటలను లెక్కగా మార్చడం కష్టమేమీ కాదు. వాలు మీద ప్రతి చోటుకూ కొన్ని విలువలు కట్టాను: నేల వాలు ఎంత, పరుపుబండ ఎంత దగ్గర, పాత గట్లు ఎంత దగ్గర, సాగునేల నుంచి ఎత్తులో తేడా ఎంత, వాగు ఎంత దూరం. వీటిని బట్టి ఏ చోట కుప్ప ఉండే అవకాశం ఎంతో చెప్పే నమూనా కట్టాను. ఏడ్రియన్ బాడ్లీ, రోల్ఫ్ టర్నర్ ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో తయారుచేసిన ‘స్పాట్‌స్టాట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి పనికి పెట్టింది పేరు. నేల స్వభావం వల్ల వచ్చే సాంద్రతను ముందే పరిగణించి, ఆపైన కూడా గుంపు మిగులుతోందా అని చూసే పద్ధతిని బాడ్లీ మరో ఇద్దరితో కలిసి 2000లో ప్రచురించాడు. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఈ దారిలో నాకు ధైర్యమిచ్చిన పరిశోధన పసిఫిక్ మహాసముద్రంలోని రాపా నుయి (ఈస్టర్) ద్వీపానిది. పెద్ద తలల మొవాయి విగ్రహాలు నిలబెట్టిన రాతి వేదికలను అక్కడ ఆహు అంటారు. అవి అక్కడే ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఊహలు చాలా ఉండేవి. 2019లో వెలువడిన అధ్యయనంలో పరిశోధకులు 93 ఆహుల స్థానాలు తీసుకుని, పంట నేలలు, సముద్రపు ఆహారం, మంచినీరు అనే మూడు వివరణలను ఇలాంటి నమూనాలతోనే పోటీకి నిలబెట్టారు. మంచినీటి ఊటలు దగ్గరగా ఉండటమే ఆహుల స్థానాలను అన్నిటికన్నా బాగా వివరించింది. ఆ పనిలో నాకు నచ్చింది, వాళ్లు ఏ ఒక్క వివరణనూ యాదృచ్ఛికతతో పోల్చి వదిలేయలేదు. వివరణలను ఒకదానితో ఒకటి పోటీ పెట్టారు.

మా వాలు మీద రైతు నమూనా చాలా బాగా పనిచేసింది. మ్యాపు కింది సగంలో కుప్పలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ పలుచబడ్డాయో నమూనా దాదాపు అచ్చుగుద్దినట్టు చూపించింది. అంటే కంటికి శ్మశానంలా కనిపించిన గుంపుల్లో ఎక్కువ భాగం పరుపుబండ, గట్టు మూల, రాయి మోసే దూరం, ఈ మూడింటితోనే వివరణకు లొంగాయి. సమాధులని నమ్మినవాళ్లకు ఇది రుచించలేదు. నాకు మాత్రం సంతోషం కలిగింది, ఎందుకంటే అక్కడ కనిపించింది తరాల తరబడి రాయి రాయీ ఏరి నేలను చేనుగా మార్చిన మనుషుల శ్రమ. సమాధి కాకపోతే విలువ లేదనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎగువ భాగంలో మాత్రం నమూనా తడబడింది. అక్కడ కుప్పలు అంత ఉండకూడదని అది చెబుతోంది, కానీ ఉన్నాయి. పైగా రైతు కారణాలన్నీ తీసేశాక కూడా దగ్గరి దూరాల్లో గుంపు కట్టడం మిగిలింది. ఇది గట్టిదేనా అని చూడటానికి నమూనా ప్రకారమే కంప్యూటర్ చేత 999 కొత్త మ్యాపులు గీయించి, అసలు మ్యాపును వాటి వరసలో నిలబెట్టాను. ఇక్కడ తెలియనివాళ్లను ముంచే ఒక గుంట ఉంది. ప్రతి దూరానికీ విడివిడిగా హద్దులు గీసి, రిప్లీ కొలతను గీసిన వక్రరేఖ ఏదో ఒక చోట హద్దు దాటగానే ‘దొరికింది’ అంటే కుదరదు. చూసే దూరాలు ఎన్ని ఎక్కువైతే ఏదో ఒకచోట దాటే అవకాశం అంత ఎక్కువ. అందుకే అన్ని దూరాలకూ కలిపి ఒకే తీర్పు ఇచ్చే పరీక్ష వాడాను, చూడవలసిన దూరాల పరిధిని ముందే నిర్ణయించుకున్నాను. ఆ కట్టుబాటులో కూడా ఎగువ గుంపు నిలిచింది.

అయినా నాకు తృప్తి కలగలేదు. నమూనాలో నేను పెట్టని కారణం ఏదైనా ఉండవచ్చు. ఎగువన ఒకప్పుడు సాగుచేసి వదిలేసిన చేను ఉండి, దాని ఆనవాళ్లు చెరిగిపోయి ఉండవచ్చు. నేల గురించి అన్నీ తెలిస్తే తప్ప ఈ అనుమానం పోదు, అన్నీ ఎప్పటికీ తెలియవు. అప్పుడు పనికొచ్చింది గుర్తుల కలబోత అనే పద్ధతి. నా మాటల్లో దాన్ని ఇలా చెబుతాను. కుప్పలు ఎక్కడున్నాయో అక్కడే ఉంచు. వాటి మీద రాసిన ‘వట్టి’, ‘అంచురాళ్లు’ అన్న చీటీలను మాత్రం తీసి, కలిపి, మళ్లీ ఇష్టమొచ్చినట్టు పంచు. ఇలా 999 సార్లు పంచి, ప్రతిసారీ అంచురాళ్ల కుప్పలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడుతున్నాయో చూడు. రెండు రకాలకూ కారణం ఒకటే అయితే, కొన్నింటికి అంచు కూలిపోయి కొన్నింటికి నిలిచి ఉండటమే తేడా అయితే, అసలు పంపకం ఈ కలబోతల్లో ఇమిడిపోవాలి. నేల ఎలాంటిదైనా సరే, రెండు రకాలకూ అదే నేల కాబట్టి ఆ గొడవంతా రెండు వైపులా సమానంగా పడుతుంది. ఈ పద్ధతి సరళత నాకెంతో ఇష్టం.

అసలు పంపకం ఇమడలేదు. అంచురాళ్ల కుప్పలు తమలో తాము దగ్గరగా చేరాయి, వట్టి కుప్పలకు దూరంగా జరిగాయి. కలబోతల్లో ఏ ఒక్కదాంట్లోనూ అంత వేర్పాటు రాలేదు. గట్ల దూరం పెట్టి చూసినా అంతే. వట్టి కుప్పలు గట్లను అంటిపెట్టుకున్నాయి, అంచురాళ్ల కుప్పలకు గట్లతో ఏ పొత్తూ కనిపించలేదు. తేలనివిగా పక్కన పెట్టిన కుప్పలన్నిటినీ ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు చేర్చి మళ్లీ లెక్కవేశాను. ఫలితం బలహీనపడింది గాని మారలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నా స్నేహితురాలి నుంచి వచ్చింది. “ఇప్పుడు మిగిలినవి కదా నువ్వు లెక్కపెట్టింది! కింద కూడా అంచురాళ్ల కుప్పలు ఉండి ఉంటే, దున్నినవాళ్లు పీకేసి ఉంటారు. ఎగువన దున్నలేదు కాబట్టి మిగిలాయి. వాటిని కట్టినవాళ్లు ఎగువనే ఎంచుకున్నారని నువ్వెలా అంటావు?” అంది. ఆ మాటకు తిరుగులేదు. మిగిలిన వాటి అమరిక అంటే కట్టినవాళ్ల ఇష్టమూ, కూల్చినవాళ్ల అవసరమూ కలిసిన అమరిక.

రెండు పనులు చేశాం. ఎన్నడూ నాగలి తగలని నేలను మాత్రమే ఉంచి, మిగతా మ్యాపునంతా కోసేసి, ఆ ఇరుకు హద్దుల్లో చీటీల కలబోత మళ్లీ చేశాను. బిందువులు తగ్గితే పరీక్షకు పట్టు తగ్గుతుంది. అయినా రెండు రకాల మధ్య ఎడం అక్కడ కూడా కనిపించింది. రెండోది, కింది గట్లను ఒక్కొక్కటీ నడిచి చూశాం. గట్ల గోడల్లో ఉన్న రాళ్లు దాదాపు అన్నీ గుండ్రనివి, చేలో ఏరినవి. వాటి మధ్య అక్కడక్కడా పొడవైన పలకరాళ్లు అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక పలక అడుగుభాగం జానెడు మేర రంగు వేరుగా ఉంది. మట్టిలో పాతిన భాగం పాలిపోయి, పైన ఉన్న భాగం నల్లబడి, మధ్యలో గీత గీసినట్టు హద్దు. ఆ రాయి ఒకప్పుడు నిటారుగా పాతి ఉండేది. తర్వాత ఎవరో దాన్ని పీకి గోడలో పెట్టారు.

కాబట్టి అంచురాళ్ల కుప్పలు ఎగువనే ఉండేవన్న మాట నేను అనలేను, అనడం లేదు. వాలంతా ఉండి ఉండవచ్చు. నేను అనగలిగింది ఇంత: అంచురాళ్ల కుప్పలను వేసిన పని, వట్టి కుప్పలను వేసిన పని ఒకటి కాదు, గోడలోకి చేరిన ఆ పలకను బట్టి చూస్తే కనీసం కొన్ని అంచురాళ్లు గట్ల కన్నా ముందువి. ఎంత ముందువో మ్యాపు చెప్పదు. వందేళ్లా, మూడు వేల ఏళ్లా అన్నది దూరాల లెక్కకు అందని సంగతి. దానికి రాళ్ల అడుగు నుంచి మట్టి తీయాలి. రాయి కింద కప్పబడిన ఇసుకరేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో ప్రయోగశాలలో కొలవవచ్చు. బొగ్గు దొరికితే రేడియోకార్బన్ పరీక్ష చేయవచ్చు.

స్నేహితురాలు అడిగిన ప్రశ్నకు నా జవాబు చివరికి ఇలా తేలింది. అందరూ తవ్వాలనుకునేది అన్నిటికన్నా పెద్ద, అందమైన అంచురాళ్ల కుప్పను. నేను వద్దన్నాను. దాని గురించి రెండు కథల మధ్య పెద్దగా తగాదా లేదు, పైగా చెడిపోతే తిరిగి రాదు. రైతు నమూనా ‘ఇక్కడ తప్పక కుప్ప ఉంటుంది’ అన్న చోట నిలిచిన అంచురాళ్ల కుప్ప ఒకటుంది. ఆకారం ఒక మాట అంటోంది, స్థానం ఇంకో మాట అంటోంది. దాన్ని తవ్వమన్నాను. ఎగువన నమూనాకు అంతుపట్టని చోట ఉన్న వట్టి కుప్పను రెండోదిగా ఎంచాను. అంచు లేకపోయినా అక్కడెందుకుందో దాని అడుగే చెప్పాలి. మూడోది మామూలు చేను కుప్ప, పరుపుబండ పక్కన మట్టి మీద ఉన్నది. దాని కాలం తెలిస్తేనే మిగతా రెండింటి కాలాన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది. మూడో కుప్ప తవ్వడం దండగ కదా అన్నవాళ్లకు నచ్చజెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది. తవ్వకానికి అనుమతి కోసం దరఖాస్తు ఆ మూడింటి పేరుతోనే వెళ్లింది.

ఈలోగా పక్క వాలు మిగిలి ఉంది. అక్కడ మేం ఇంకా అడుగుపెట్టలేదు. నేల మ్యాపు, గట్ల మ్యాపు ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకుని, ఇక్కడి నమూనానే యథాతథంగా అక్కడికి వర్తింపజేశాను. వట్టి కుప్పలు ఏయే చోట్ల దట్టంగా ఉండాలో గుర్తించి, అంచురాళ్ల కుప్పలకు గట్లతో పొత్తు ఉండదని రాసి, తేదీ వేసి, స్నేహితురాలికి పంపేశాను. ఎండలకు పొదలు ఎండి నేల కనిపించగానే నడక మొదలవుతుంది. అక్కడ అంచురాళ్ల కుప్పలు కూడా గట్లను అంటుకునే కనిపిస్తే, రెండు పనులు వేరన్న నా వాదనను వెనక్కి తీసుకుంటానని ఆ కాగితం మీదే రాసి ఉంది.